అమావాస్యకు బాగా వెలిగే డబ్బా

నంద్యాల, ఆళ్లగడ్డ వెళ్లొచ్చి నెల దాటింది. "ప్రయాణం ఎలా సాగింది?" అని ఎవరడిగినా ఉగ్గాని గురించి, మిరపకాయ బజ్జీల గురించి రెండు ముక్కలు చెప్పి మాట మారుస్తున్నాను. అవి నిజంగానే రుచిగా ఉన్నాయి. కానీ నేను ఆ ఊళ్ల నుంచి మోసుకొచ్చింది ఆ రుచి కాదు, సిగ్గు. తల ఎత్తుకోలేని పని ఒకటి చేశానని అక్కడికి వెళ్లాకే నాకు తెలిసింది. రాసేస్తే కొంత తేలికపడతానేమోనని ఆశ. అలా ఆశపడటానికి కూడా కొంచెం సిగ్గుగానే ఉంది.

ముందు నేనేం చేస్తానో చెప్పాలి. మాది తెనాలి, ఉద్యోగం హైదరాబాదులో. ఒక పరిశోధనశాలలో ప్లాస్టిక్ పొరలు తయారు చేస్తాను. ఫ్యూయెల్ సెల్ అనే డబ్బాలో ఒక పక్క నుంచి హైడ్రోజన్, ఇంకో పక్క నుంచి మామూలు గాలి పంపితే కరెంటు పుడుతుంది, కాసిని నీళ్లు వస్తాయి. ఆ రెంటికీ మధ్య ఉండే పల్చటి పొరే దాని ప్రాణం. ఎక్కువమంది వాడే పొరలు ఆమ్లంతో పనిచేస్తాయి. అవి ఖరీదైనవి, పైగా వాటికి ప్లాటినం కావాలి. మా పొర క్షారంతో పనిచేస్తుంది. చవక ప్లాస్టిక్‌తో చేయొచ్చు, ప్లాటినం బదులు నికెల్ సరిపోతుంది. కరెంటు పోయినప్పుడు నాలుగు లైట్లు, ఒక ఫ్యాను నడిపే డబ్బాను మామూలు మనుషులు కొనుక్కోగలిగేలా చేయాలని మా తాపత్రయం.

అలాంటి డబ్బా ఒకటి ఆళ్లగడ్డలో, రాతి విగ్రహాలు చెక్కే ఒక షెడ్డులో పెట్టాం. దాన్ని చూసుకునే మనిషి నంద్యాలలో బ్యాటరీల అంగడి నడిపే మస్తాన్ వలి. మొదటి వారం బాగానే పనిచేసి, తర్వాత డబ్బా కుంటడం మొదలుపెట్టింది. మూడో నెలలో మస్తాన్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "మేడమ్, అమావాస్య దినం మన డబ్బా బాగా పనిచేస్తాంది. మళ్ల తగ్గిపోతాంది. ప్రతి నెలా ఇంతే. ఎందుకో కనుక్కోండి."

దాన్ని మా సమావేశంలో నేనే చదివాను. ఆయన యాసలో, సాగదీసి మరీ చదివాను. ముందు నేను నవ్వాను, తర్వాత గదంతా నవ్వింది. "పౌర్ణమికి పేలిపోతుందేమో చూసుకోమనండి" అన్నారొకరు. నివేదికలో నేనొక వాక్యం రాశాను: "స్థానిక నిర్వాహకుడు తన నమ్మకాలను బట్టి కొలతలు రాస్తున్నందున, అతని అంకెలను లెక్కలోకి తీసుకోలేదు."

ఏడు నెలలయ్యాక డబ్బాను వెనక్కి తెమ్మని నన్ను పంపారు. సంచిలో మస్తాన్‌కు ఇవ్వాల్సిన ఉత్తరం ఒకటి ఉంది. రెండో విడతలో అవుకు నుంచి పగిడ్యాల దాకా ఇరవై ఊళ్లలో ఇలాంటి డబ్బాలు పెట్టబోతున్నారు. వాటిని చూసుకునే ఉద్యోగం మస్తాన్‌కు ఇస్తామని మొదట్లో నోటిమాటగా అన్నాం. ఇవ్వడం లేదని ఆ ఉత్తరంలో ఉంది. కారణం నా వాక్యమే.

నంద్యాల: ఉగ్గాని, బజ్జీ

పొద్దున్నే బస్సు దిగేసరికి మస్తాన్ స్కూటర్ మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. యాభై దాటిన మనిషి. తెల్లచొక్కా జేబు మీద ఆసిడ్ పడి కాలిన చిల్లులు. ఏడు నెలలుగా ఫోన్లో చూసిన ముఖమే, కానీ ఫోన్లో కంటే పొడగరి.

"ఫస్టు ఉగ్గాని తినల్ల మేడమ్. తర్వాతనే పని."

మా వైపు పొద్దున ఇడ్లీ లేకపోతే తెల్లవారినట్టు ఉండదు. ఇక్కడ బొరుగులు, అంటే మా మరమరాలు, నానబెట్టి, పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లి పెడతారు. అదే ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జీలు. ప్లేటు నలభై రూపాయలు. గుంటూరు జిల్లాదాన్ని, నాకు కారం ఒక లెక్కా అనుకుని బజ్జీ సగానికి కొరికాను. కళ్లు, ముక్కు ఒకేసారి కారాయి. అంగడివాడు నీళ్లివ్వబోతే మస్తాన్ ఆపాడు.

"నీళ్లు తాగితే ఇంకా మండుతాది. ఉగ్గాని నోట్లో పెట్టుకోండి. నవ్వేవాళ్లను సూడాకండి."

పక్క బల్ల మీదివాళ్లు నిజంగానే నవ్వుతున్నారు. మస్తాన్ మాత్రం నవ్వలేదు. అప్పుడా విషయం నేను పట్టించుకోలేదు.

మస్తాన్ అంగడి

ఇన్వర్టర్లు, ట్రాక్టర్ బ్యాటరీలు, వాటి మధ్య కాలు పెట్టేంత చోటు. గోడకు ఒక పక్క మాత్రం శుభ్రంగా ఖాళీ చేసి, కొత్త ఇనుప అరలు బిగించి ఉన్నాయి. ఏమిటవని అడిగాను.

"డబ్బాల కోసం మేడమ్. ఇరవై వస్తాయి కద. రిపేరుకొచ్చినవి యాడ పెట్టుకునేది? ముందే కొట్టించినా."

లోపలి నుంచి ఆయన భార్య హసీనా టీ తెచ్చింది. ఆమె నన్ను అక్కా అంది.

"ఇన్వర్టర్ కంపెనీవాళ్లు సర్వీసు పని ఇస్తామని రెండుసార్లు వచ్చిరక్కా. ఈయనేమో వద్దనె. హైదరాబాదు మేడమ్ వాళ్లు మాటిచ్చినారు, రెండూ చేసేకి కాదు అంటాడు."

"చెప్పాల్నా మేడమ్‌కు ఇవన్నీ" అని మస్తాన్ ఆమెను కసిరి, నా వైపు తిరిగాడు. "అమావాస్య సంగతి నేను రాసినా కద. మీ పెద్దసార్లు సూసినారా? ఏమన్యారు?"

అప్పుడు ఉత్తరం తీసి ఇవ్వాల్సింది. ఉన్నదున్నట్టు చెప్పాల్సింది. నేనేమన్నానో తెలుసా? "బాగుందన్నారు" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "సూస్తివా?" అన్నాడు భార్యతో. మధ్యాహ్నం వాళ్లింట్లోనే భోజనం. జొన్న రొట్టె, గోంగూర వేసి వండిన మాంసం, చెనిక్కాయల పొడి, అంటే వేరుశెనగ పొడి. అక్కడ వడ్డించేవాళ్లు చాలన్నా వినరు. మా ఇళ్లలోనూ వినరనుకోండి, కానీ మావాళ్లు బతిమాలతారు, వీళ్లు కోప్పడతారు. "ఏందీ, కోడి తిన్నట్టు తింటాండారు" అని హసీనా నాలుగో రొట్టె వేసింది. అదీ తిన్నాను. లాడ్జి గదికి వచ్చాక ఉత్తరాన్ని సంచి అడుగున, బట్టల కింద పెట్టుకున్నాను.

శిరివెళ్ల దాకా ఆటోలో

మర్నాడు మస్తాన్ సామాన్లతో స్కూటర్ మీద ముందే ఆళ్లగడ్డ వెళ్లాడు. నేను బస్సులో వస్తానన్నాను. ఎంతసేపటికీ బస్సు రాకపోతే శిరివెళ్ల వెళ్లే షేర్ ఆటో ఎక్కాను. ఒక పెద్దావిడ ఎండుమిరపకాయల మూట నా కాళ్ల మీద పెట్టి తను సర్దుకుని కూర్చుంది. పేరు సుగుణమ్మ. నేను తుమ్మినప్పుడల్లా "దేవుడు సల్లగా సూడనీ" అంటోంది. దారి పొడవునా వరి, మొక్కజొన్న, నల్లరేగడి చాళ్లు, ఎడమచేతి వైపు దూరంగా నల్లమల కొండలు.

"యాడికి పోతాండావ్ మ్మా?"

"ఆళ్లగడ్డకండీ."

"అండీనా? కోస్తావోళ్లా?" అని మొత్తం ఆటోకు వినబడేలా నవ్వింది. నా పని గురించి అడిగితే మస్తాన్ పేరు చెప్పాను. ఆవిడ మొహం మారిపోయింది.

"బ్యాటరీ మస్తానా! మా చర్చి మైకు సూసేది ఆయప్పనే. ఆదివారం ప్రార్థన అంటే శనివారమే వచ్చి సూసిపోతాడు. బాగు కాకుంటే కాలేదంటాడు. కాకనే అయిందని చెప్పే మనిషి కాదు. ఆయప్పకు మీరు పెద్ద పని ఇస్తాండారంట కద, ఇరవై ఊర్లకు? మంచి పని చేస్తాండారమ్మా."

ఆటోలో ఉన్న ఏడుగురూ నా వంక మెచ్చుకోలుగా చూశారు. ఆ మనిషి అంకెలు నమ్మదగ్గవి కాదని రాసిందాన్ని నేనే. మిరపకాయల ఘాటు సాకుగా పెట్టుకుని కళ్లు తుడుచుకున్నాను.

ఆళ్లగడ్డ: కొలిమి మూల

శిరివెళ్లలో బస్సు దొరికింది. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే వీధి ఎక్కడో ఎవరినీ అడగక్కర్లేదు, చప్పుడే చెబుతుంది. రోడ్డు పక్కనే సగం చెక్కిన దేవుళ్లు, ముక్కు ఇంకా రాని నాయకులు, చనిపోయిన ఎవరో రైతు ఫోటో ముందు పెట్టుకుని ఆయన మీసం చెక్కుతున్న పనివాడు. అందరి ఒళ్లూ తెల్లటి రాతిదుమ్ముతో నిండి ఉంది.

మా షెడ్డు సుబ్బాచారిది. అరవై ఐదేళ్లుంటాయి. నన్ను చూసి లేవలేదు, సుత్తె పట్టుకున్న చేత్తోనే లోపలికి చూపించాడు. లోపలికి రెండడుగులు వేసి ఆగిపోయాను.

మా డబ్బా మూలన ఉంది, హైడ్రోజన్ సిలిండర్ మాత్రం గోడకు అవతల పెట్టారు. దానికి మూరెడు దూరంలో కొలిమి భగభగ మండుతోంది. చిన్న మోటారు పంకా బొగ్గుల మీదకు గాలి కొడుతోంది. మొద్దుబారిన ఉలులను ఎర్రగా కాల్చి, సాగగొట్టి, నీళ్లలో ముంచుతున్నారు. కొలిమి వేడిగాలంతా తిన్నగా మా డబ్బా గాలి పీల్చుకునే చిల్లుల మీదకు పోతోంది.

"ఈ కొలిమి ఎప్పుడు కట్టారు?" అని అడిగాను.

"మా నాయన కాలంలో" అన్నాడు సుబ్బాచారి.

నాకు గుర్తొచ్చింది. డబ్బా బిగించిన రోజు వీడియో కాల్‌లో పెత్తనం చేసింది నేనే. ఆ రోజు షెడ్డు ఖాళీగా ఉంది. ఈ మూలలో మట్టి తిన్నె ఒకటి కనబడింది, పొడిగా, దుమ్ము లేకుండా. "అక్కడ పెట్టండి" అన్నాను. "ఈ మూల వద్దేమో మేడమ్" అని మస్తాన్ అంటుంటే మధ్యలోనే అడ్డం పడి, "చెప్పింది చేయండి" అన్నాను. నేను తిన్నె అనుకున్నది చల్లారిన కొలిమి.

"ఆ రోజు కొలిమి ఎందుకు వెలిగించలేదు?"

"అమావాస్య కద మ్మా. మావోళ్లం అమావాస్యకు ఉలి ముట్టం, కొలిమి రాజెయ్యం. పనిముట్లు కడిగి పూజ చేసుకుంటాం. షెడ్డు ఖాళీగా ఉంటాదని మస్తాను ప్రతి నెలా ఆ దినమే వస్తాడు. లైట్లు, ఫ్యాను అన్నీ ఒకేసారి ఏసి పొద్దు గూకేదాకా పరీక్ష చేస్తాడు."

నేను కొలిమి పక్కనే కూర్చున్నాను. ఇది తెలియడానికి పెద్ద చదువు అక్కర్లేదు. సున్నపుతేటలో నోటితో ఊదితే తెల్లగా విరుగుతుందని బడిలో మనందరం చూశాం. మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు చేసే పని అది. మా పొరలో ఉన్నదీ క్షారమే, కరెంటుకు అదే దారి. ఆ వాయువు తగిలేకొద్దీ క్షారం చెడి దారి మూసుకుపోతుంది. ఇలాంటి పొరలకు ఉన్న పెద్ద జబ్బు ఇదేనని కొత్తగా చేరే విద్యార్థులకు మొదటి రోజే చెబుతాను. ఇక్కడ నెలంతా బొగ్గుల కొలిమి దాని ముక్కులో ఊదుతోంది. అమావాస్యకు కొలిమి ఆరిపోతుంది. మస్తాన్ అన్నీ వేసి డబ్బాను గట్టిగా నడిపిస్తాడు. అలా గట్టిగా నడిస్తే పొరలో చేరిన ఆ వాయువు బయటికి పోయి, క్షారం మళ్లీ కోలుకుంటుంది. అమావాస్యకు డబ్బా బాగా పనిచేస్తుంది. ఆయన రాసింది అక్షరాలా నిజం.

"అంకెలు ఎవరు రాసేవారు?" అన్నాను.

సుబ్బాచారి గోడకు ఆనించిన నల్లరాతి పలక చూపించాడు. జానెడు వెడల్పు, మూరెడు పొడవు. మీద వరుసగా సన్నటి అంకెలు, రోజూ డబ్బా ఇచ్చిన వోల్టులు, ఉలిమొనతో చెక్కినవి. పదకొండున్నర, పది, తొమ్మిది, ఎనిమిది. తర్వాత ఒక గుండ్రటి గుంట. దాని పక్కన మళ్లీ పదకొండు. అలా ఏడు గుంటలు.

"సుద్దముక్కతో రాస్తే దుమ్ముకు పోతాంది. కాయితం ఈడ నిలవదు. మస్తాను దినామూ రాయమనె. మాకు చేతనయ్యింది ఇదే కద. గుంట ఉన్న కాడ అమావాస్య. రాతి మీద పడినంక దిద్దేకి కాదు, అందుకని సూసి సూసి చెక్కినా."

నమ్మకాలను బట్టి రాసిన అంకెలు అన్నాను వీటిని.

మస్తాన్ టీ గ్లాసులు పట్టుకుని లోపలికి వచ్చాడు. ఇక ఆగితే మళ్లీ అబద్ధమే చెబుతానని భయమేసి, నిలబడి చెప్పేశాను. మూల నేను చూపించిందేనని, తప్పు నాదని, ఆయన రాసింది నిజమని చెప్పాను. నిన్న "బాగుందన్నారు" అన్నది అబద్ధమని చెప్పాను. ఉత్తరం తీసి చేతికిచ్చాను. ఆయన నిదానంగా రెండుసార్లు చదివాడు.

"నా మెసేజు సూసి నవ్వినారా?"

"నవ్వారు."

"మీరూ నవ్వినారా?"

"నేనే మొదట నవ్వాను. మీ యాసలో చదివి నవ్వించాను."

మస్తాన్ ఉత్తరం మడిచి, చిల్లులున్న జేబులో పెట్టుకున్నాడు. టీ గ్లాసు నా చేతికిచ్చాడు. అది ఎందుకిచ్చాడో, ఎలా ఇవ్వగలిగాడో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఎందుకో కనుక్కోండి అంటి కద మేడమ్" అన్నాడు. "అంతే కద నేను అడిగింది."

తిరుగు బస్సు

డబ్బాను తెమ్మని నాకు చెప్పారు. నేను తేలేదు. ముగ్గురం కలిసి దాన్ని రాళ్లు దించే గేటు దగ్గరకు, కొలిమికి దూరంగా, గాలి వచ్చే చోటికి మార్చాం. ఆ పని జరుగుతున్నంతసేపు మస్తాన్ నాతో పనిమాటలే మాట్లాడాడు. ఈ బోల్టు, ఆ పైపు, అంతే. ఒకటి రెండుసార్లు నేను ఇంకేదో అనబోతే "పట్టుకోండి" అని వైరు అందించాడు.

రాతిపలక ఇమ్మని సుబ్బాచారిని అడిగాను. "తీసుకపో మ్మా. మళ్ల కొత్తది మొదలుపెడతా" అన్నాడు. మస్తానే దాన్ని గోనెసంచిలో చుట్టి, తాడేసి కట్టి, బస్టాండు దాకా మోసుకొచ్చాడు. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. కండక్టర్ చూసి లగేజీ టికెట్ కొట్టాడు. "దేవుడి విగ్రహమా అక్కా?" అన్నాడు. కాదన్నాను. ఏమిటని మళ్లీ అడిగితే టికెట్ డబ్బులు తీసి ఇచ్చాను.

బస్సు కదిలేముందు కిటికీలోంచి మస్తాన్‌ను పిలిచి, "నివేదిక మార్చి రాస్తాను. ఉద్యోగం గురించి పోట్లాడతాను" అన్నాను. ఆయన తలూపాడు. మొదట ఆ ఉద్యోగం ఇస్తామన్నప్పుడు కూడా ఇలాగే తలూపి ఉంటాడు.

వచ్చాక

సమావేశంలో పలకను బల్ల మీద పెట్టాను. "ఇదేం శాసనం?" అని ఒకరంటే నలుగురు నవ్వారు. ఆ నవ్వు ఎదుటివైపు నుంచి ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. నా వాక్యాన్ని నేనే బయటికి చదివి, కొట్టేశాను. ఆయన మెసేజ్‌ను మళ్లీ చదివాను, ఈసారి నా గొంతుతో. మూల ఎంచిన మనిషి పేరు అడిగారు, చెప్పాను. కొత్త నివేదికలో మొదటి పేరు మస్తాన్ వలి, రెండోది సుబ్బాచారి. ఉద్యోగం విషయం ఆలోచిస్తామన్నారు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. ఇన్వర్టర్ కంపెనీవాళ్లు ఈలోగా వేరేవాళ్లను పెట్టుకున్నారని హసీనా ఫోన్లో చెప్పింది. ఆమె ఇప్పుడు నన్ను అక్కా అనడం లేదు, మేడమ్ అంటోంది.

అంకెలు మాత్రం మస్తాన్ క్రమం తప్పకుండా పంపుతున్నాడు. ఒక్కరోజూ మానలేదు. ప్రతి మెసేజూ ఒకే మాటతో మొదలవుతుంది. దెప్పుతున్నాడో, నిజంగానే భయపడుతున్నాడో తెలియదు, అడిగే ముఖం నాకు లేదు. మొన్న వచ్చింది ఇది:

"నవ్వొద్దండి మేడమ్. ఈ పొద్దు అమావాస్య. పదకొండున్నర. నిన్న కొలిమి మండినా పదకొండున్నరే."